సప్తసంతానములలో ఒకటి

పెండ్లి పందిరిలోనో, రైలు ప్రయాణములోనో ఇద్దరు తెలుగువారు క్రొత్తగా కలిసికొన్నచో, ఊరు పేరు తెలిసికొన్న వెంటనే వచ్చు ప్రశ్న "పిల్లలెందరు?" అనునది. అడుగువారికి అందులో దురుద్దేశ మేమియు నుండదు. అది మన కుశలప్రశ్నలలో నొక భాగము. కాని "మాకు లేరు" అను సమాధానము వినబడిన తోడనే మాట ఆగిపోవును. అడిగినవారి ముఖమున జాలి కనబడును. సమాధానము చెప్పినవారు "మేమే వద్దనుకొన్నాము" అని ఇంకొక్క మాట చేర్చినచో ఆ జాలి తొలగి, దాని స్థానమున ఆశ్చర్యమో, ఒకింత కోపమో నిలుచును.

ఈ రెండు సమాధానములకు నడుమ నున్న భేదమును మొదట గుర్తింపవలెను. సంతానమును కోరియు పొందలేకపోయినవారి దుఃఖము వేరు. వారికి వేదాంతము చెప్పబూనుట పుండుమీద కారము చల్లుట వంటిది. ఇచట నేను విచారింపదలచినది రెండవవారిని గూర్చి. వివాహము చేసికొనియో, ఒంటరిగానో గృహమునందే యుండి, కాషాయము ధరింపక, బుద్ధిపూర్వకముగా సంతానము వలదనుకొన్న స్త్రీ పురుషులు నేడు మన కుటుంబములలోనే కనబడుచున్నారు. మన సంప్రదాయమున పుత్రవంతుడైన గృహస్థునకు స్థానము కలదు. సర్వమును త్యజించిన సన్న్యాసికిని స్థానము కలదు. ఈ మూడవ త్రోవను నడచువారికి మన భాషలో గౌరవమైన పేరైనను లేదు. వారి జీవితము ధర్మసమ్మతమేనా? అయినచో దానిని వారు ఏ విధముగా నిర్మించుకొనవలెను?

ముందుగా పూర్వపక్షమును దాచక చెప్పుకొందము. మనుష్యుడు మూడు ఋణములతో పుట్టుచున్నాడని వేదము చెప్పుచున్నది. బ్రహ్మచర్యముచేత ఋషుల ఋణమును, యజ్ఞముచేత దేవతల ఋణమును, సంతానముచేత పితరుల ఋణమును తీర్పవలెను. ఆదిపర్వములోని జరత్కారు వృత్తాంతమును చదివినవారు దానిని మరవలేరు. తపస్సునకై వివాహమును మానుకొన్న ఆ ముని ఒకనాడు ఒక గోతిలో తలక్రిందుగా వ్రేలాడుచున్న వృద్ధులను చూచెను. వారికి ఆధారమైన గడ్డిదుబ్బు వేళ్లను ఎలుక కొరుకుచుండెను. ఒక్క వేరు మాత్రమే మిగిలియుండెను. వారు తన పితృదేవతలే యనియు, ఆ మిగిలిన వేరు తానే యనియు అతనికి తెలిసెను. పుక్కిటి కథ యని దీనిని త్రోసివేయుట సులభము. నా మట్టుకు నాకు అది సాధ్యము కాలేదు. మనము ఎవరి భుజములమీదనో ఎక్కి ఈ లోకమును చూచితిమి. ఆ వరుస మనతో ఆగిపోవునన్న భావము తేలికైనది కాదు. సంతానము వలదనుకొన్నవారును ఆ బరువును ఒకసారి చేత ఎత్తి చూడవలెను.

ఐనను శాస్త్రము ఒక్క గొంతుతోనే మాటలాడలేదు. పుత్రులు లేనివానికి గతి లేదన్న మాటను మనము తరచుగా విందుము. కాని వంశమును నిలుపకయే స్వర్గమునకు పోయిన బ్రహ్మచారులు వేలకొలది కలరని చెప్పినది మనుస్మృతియే. బృహదారణ్యకము ఇంకను ముందునకు పోయినది. ఆత్మయే తమ లోకమని యెరిగిన పూర్వులు సంతానముతో తమకు పని లేదని దానిని కోరకుండిరని అందు కలదు. ఇక భీష్ముని మాట. మాఘ శుద్ధాష్టమినాడు ఆయనకు తర్పణము విడుచు ఆచారము నేటికిని కలదు. ఆ జలమును విడుచుటకు ఆయన వంశమువాడు కానక్కరలేదు, ఆయన గోత్రమువాడును కానక్కరలేదు. తండ్రికి ఒక్క కొడుకు చేయవలసిన కర్మను, కొడుకులు లేని ఆ బ్రహ్మచారికి ఎవరెవరి కొడుకులో ఇన్ని తరములుగా చేయుచున్నారు.

మన తెలుగువారి సంప్రదాయమున దీనికంటెను చక్కని భావమొకటి కలదు. అవి సప్తసంతానములు. పుత్రుడు, తటాకము, దేవాలయము, వనము, అగ్రహారము, నిధి, కృతి అను ఈ యేడింటిని మన పూర్వులు సంతానమనియే పిలిచిరి. చెరువు త్రవ్వించిన ప్రభువును, కృతినందిన ప్రభువును సంతానవంతులుగానే ఎంచిరి. ఈ యేడింటిలో ఆరు శరీరమునుండి పుట్టునవి కావు. పుత్రుడు ఆ పంక్తిలో గౌరవముతో కూర్చుండియున్నాడు. కాని ఆ పంక్తియంతయు తానే కాడు. నన్నయగారి భారతమున శకుంతల దుష్యంతుని సభలో తన కుమారునికై వాదించుచున్నపుడు సైతము, నూర్గురు సుతులకంటెను సత్యమైన మాట యొక్కటి మేలని చెప్పినది. కుమారుని వెంటబెట్టుకొని వచ్చిన తల్లినోట ఈ మాటను వినుట గమనింపదగినది.

ఇంతవరకు చదివిన సంతానరహితుడు తనకు శాస్త్రానుమతి దొరికినదని సంతోషింపవచ్చును. ఇచటనే ఒక చిక్కు కలదు. బృహదారణ్యకమున చెప్పబడిన ఆ పూర్వులు పుత్రేషణతోపాటు విత్తేషణను, లోకేషణను గూడ విడిచి భిక్షకు బయలుదేరిరి. ఆ మూడు ఈషణలును వాస్తవమునకు ఒక్కటేయని ఉపనిషత్తు స్పష్టముగా పలుకుచున్నది. మొదటిదానిని మాత్రము విడిచి, మిగిలిన రెండింటిని రెట్టింపుగా పెంచుకొన్నవాడు ఆ వాక్యమును తన పక్షమున సాక్ష్యమునకు పిలువరాదు. పిల్లలు లేనందున మిగిలిన ధనముతో పెద్ద యిల్లు, మిగిలిన కాలముతో విహారములు, మిగిలిన మమకారమంతయు తన దేహముపై! అట్టివానికి దొరికినది తీరిక. దానిని స్వేచ్ఛ యనరాదు.

ఈ మాట కఠినముగా తోచునేమో. కాని పిల్లలున్నవారిలోను ఈ దోషమే ఇంకొక వేషమున కలదు. కొడుకు పేరు చెప్పి పొరుగువాని పొలముగట్టును జరుపుకొనువాడు ధనాశకే వాత్సల్యమని పేరు పెట్టుకొనుచున్నాడు. పిల్లలు వద్దనుట స్వార్థమని నిందించువారు, తమకు పిల్లలెందుకు కావలసివచ్చిరో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. ముసలితనమున చూచుటకు, పేరు నిలుపుటకు, ఆస్తి ననుభవించుటకు అని కదా తరచుగా చెప్పుదుము. వీనిలో ఇంకను పుట్టని ఆ బిడ్డ మేలును కోరి చెప్పిన కారణ మొక్కటియు లేదు.

అసలు బిడ్డ పెద్దవారికి చేయు ఉపకార మేమి? నిదానించి చూచినచో, బిడ్డ సుఖము నిచ్చుటకంటె ముందుగా సుఖమును చెరచును. అర్ధరాత్రమున ఏడ్చి నిద్ర లేపును. దాచుకొన్న ధనమును వ్యయపెట్టించును. పదునారేండ్లు వచ్చిన పిదప ఎదురు చెప్పి మన పెద్దరికమును దెబ్బతీయును. మన ఇష్టమునకు లోబడని యొక ప్రాణి మన దినచర్యను తన చేతిలోనికి తీసికొనును. ఏ ఆశ్రమమునకు పోకుండగనే కోట్లమందికి ఈ శిక్షణ వంటయింటిలోనే దొరకుచున్నది. పిల్లలు వలదనుకొన్నవారు కోల్పోవునది ముద్దుమాటలకంటె ఎక్కువగా ఈ శిక్షణనే. దానిని వారు పూనుకొని వేరొకచోట వెదకికొనవలెను. ఏడాదికొకసారి అనాథాశ్రమమునకు పోయి, పండ్లు పంచి, ఛాయాచిత్రము తీయించుకొని వచ్చుటవలన అది లభింపదు. మనకు వీలైనపుడు మాత్రమే చేయు సేవలో యజమానులము మనమే. మనకు వీలుకాని వేళ మనలను పిలువగల అధికారమును ఇంకొకరికి ఇచ్చినపుడే ఆ ఋణము తీరుట మొదలగును.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు, రాజ్యలక్ష్మమ్మగారు సంతానము లేని దంపతులు. 1881 డిసెంబరు 11 వ తేదీన మొదటి వితంతు వివాహము జరిపించినపుడు వారు పడిన బహిష్కారమును అందరు నెరుగుదురు. వంటవారును నీళ్లు తెచ్చువారును మానివేయగా రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వండి వడ్డించిరి. ఆశ్రయము కోరి వచ్చిన బాలవితంతువులకు ఆమెయే తల్లి. 1906 లో పంతులుగారు హితకారిణీ సమాజమును నెలకొల్పి తమ యాస్తిని దానికి ధారపోసిరి. పిల్లలు లేరు కనుక అంత చేయగలిగిరని అనువారు కలరు. పిల్లలు లేనివారందరు చేయలేదు గదా!

కర్ణాటకమున మాగడి తాలూకాలోని హులికల్ గ్రామమున తిమ్మక్క, చిక్కయ్య అను కూలి దంపతులుండిరి. వారికి సంతానము లేకుండుట వారు కోరినది కాదు. లోకుల మాటలకు కుమిలినవారే. వారు తమ ఊరినుండి కుదూరునకు పోవు దారిపొడవున, నాలుగు కిలోమీటర్ల మేర, మర్రిమొక్కలను నాటిరి. పగలు కూలిపని చేసికొనుచు, కడవలతో నీరు మోసి పోసిరి. పశువులు తినకుండ ముళ్లకంప కట్టిరి. ఆ చెట్లు 385 అని లెక్క చెప్పుదురు. సాలుమరద తిమ్మక్క యని ఆమెకు లోకము పెట్టిన పేరునకు చెట్లవరుస తిమ్మక్క యని యర్థము. 2019 లో పద్మశ్రీ నందుకొని, 2025 లో ఆమె కన్నుమూసినది. ఆ బిరుదుకంటె ఆ కడవయే నాకు ఎక్కువగా కన్నులకు కట్టును. నడివేసవిలో లేతమొక్క తన దప్పికను వాయిదా వేయదు. నేడు ఒడలు నొచ్చుచున్నదని చెప్పినను వినదు. అది బిడ్డవంటిదే.

"ముసలితనమున మిమ్ము చూచువారెవరు?" అను ప్రశ్న మిగిలియున్నది. భయపెట్టుటకు అడిగినను అది సరియైన ప్రశ్నయే. పిల్లలున్నవారును దీనిని అడుగుకొనవలసిన కాలమిది. కుమారుడు అమెరికాలోను, కుమార్తె ఇంకొక దేశములోను ఉండగా, ఇరువురే మిగిలిన తల్లిదండ్రులు మన ఊళ్లలో వీధికొకరు కనబడుచున్నారు. వారును సంతానరహితులును సాయంకాలము కూర్చుండునది ఒక్క అరుగుమీదనే.

ఆధ్యాత్మిక విషయములు చదువుకొను చోట చట్టము మాట యేల యని కొందరనవచ్చును. తన తరువాత ఇతరులకు కలహమును మిగుల్పకుండుటయు ఋణవిమోచనములో నొక భాగమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, సంతానము లేని వితంతువు వీలునామా వ్రాయక మరణించినచో ఆమె స్వార్జితము మొదట భర్త వారసులకు పోవును. ఆమెను కన్నవారు, తోబుట్టువులు ఆ తరువాతివారే. తల్లిదండ్రులనుండి వచ్చినది మాత్రము తండ్రి వారసులకు మరలును. ఇది తెలియక, తనను చూచిన చెల్లెలికే అన్నియు చెందునని నమ్మి కన్నుమూసినవారు కలరు. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసిన వీలునామా చెల్లును; రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించుట మేలు. సంతానము లేని వృద్ధులు, తమ ఆస్తిని అనుభవించుచున్న లేక మున్ముందు పొందనున్న వారసునినుండి పోషణ కోరుటకు 2007 నాటి చట్టము వీలు కల్పించినది. మాటలాడలేని స్థితి వచ్చినచో చికిత్స యెంతవరకు సాగవలెనో, తమ పక్షమున ఎవరు నిర్ణయింపవలెనో ముందుగా వ్రాసియుంచుటను సుప్రీంకోర్టు 2018 లో అంగీకరించి, 2023 లో ఆ పద్ధతిని సులభము చేసినది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణము చాలును.

కాగితములు దారి చూపును గాని నుదుటిమీద చేయి వేయవు. అందుకు మనుష్యులు కావలెను; వారు ఒక్కనాటిలో దొరకరు. తన యీడువారితో మాత్రమే స్నేహము చేసినవాడు వార్ధక్యమున అందరిని ఒక్కసారే పోగొట్టుకొనును. తనకంటె ఇరువది, ముప్పది యేండ్లు చిన్నవారితో చెలిమి సంపాదించుకొనవలెను. ఈ విషయమున మన భాషయే మనకు సాయపడుచున్నది. పెద్దమ్మ, పిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న అను పిలుపులను గమనింపుడు. అమ్మ యను మాటను కన్న తల్లికి మాత్రమే తాళము వేసి ఉంచలేదు మనవారు. తోబుట్టువుల బిడ్డలను చేరదీయుట ఎల్లరకు సులభమైన త్రోవ. కాని ఒక హెచ్చరిక. వీలునామాను ఎరగా చూపి ప్రేమను తెచ్చుకొనజూచినవానికి ఆ ఎరను చూచి వచ్చువారే దొరకుదురు.

గోదావరి తీరపు చిన్న పట్టణములో నేనెరిగిన ఉపాధ్యాయిని యొకరు కలరు. వివాహము వలదనుకొన్నారు, ఆ నిర్ణయమునకు ఇంటివారు చాలకాలము నొచ్చుకొన్నారు. ఏబదవ యేట ఆమె ఒక కాగితము తీసికొని తన శేషజీవితమునకు ఏర్పాట్లు వ్రాసికొన్నారట. అందు మొదటిది, ప్రతి సాయంకాలము వీధి యరుగుమీద వీధిపిల్లలకు లెక్కలు చెప్పుట. రెండవది, ఇంటి తాళపుచెవులు ఇద్దరు పొరుగువారి యొద్ద ఉంచుట. పిల్లలు ఆదివారమును చూడరు, ఆమె తలనొప్పిని చూడరు, తలుపు తట్టుదురు. అప్పుడప్పుడు విసుగుకొనుటయు కలదు. డెబ్బదియొకటవ యేట ఆమె జారిపడగా తుంటి యెముక విరిగినది. ఆసుపత్రిలో రాత్రి యెవరుండవలెనని పూర్వవిద్యార్థులు ముగ్గురు వరండాలో వాదులాడుకొనుచుండగా నేను పోతిని. వారిలో నొకడు బస్సు కండక్టరు. తన డ్యూటీ మార్చుకొని వచ్చితినని గట్టిగా చెప్పుచున్నాడు.

లోపల మంచము ప్రక్కన తొమ్మిదేండ్ల బాలుడొకడు పలక పుస్తకముతో నిలుచుండియున్నాడు. వానిని ఎవరు తీసికొనివచ్చిరో తెలియదు.

"టీచరుగారూ, మరల లెక్కలు ఎప్పుడండీ?"

ఆమె కన్నులు తెరచి, "పదమూడవ ఎక్కము వచ్చినదా?" అని అడిగినారు. వాడు తల యడ్డముగా ఊపినాడు. "అయితే ఇప్పుడే మొదలు పెట్టు. నేను వినుచుంటిని" అన్నారు.