తృప్తియు, సాక్ష్యమును

“బాగుగానే చూచినారమ్మా” అని బాలింతరాలు పలికిన మాటను, ఆమెకు జరిగిన వైద్యము మంచిదనుటకు సాక్ష్యముగా గ్రహింపవచ్చునా? ఇంటింటి నడిగి దేశమందలి వైద్యసేవల మంచిచెడ్డలు నిర్ణయింపబూనువారు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న యిదియే యని మేము తలంచుచున్నాము. (గుమ్మములోనికి వచ్చినవారి యెదుట పరుల తప్పులెన్నుట మన యిండ్లలో మర్యాద కాదు గదా!)

కేరళము అక్షరాస్యతయందును, ఆయుర్దాయమునందును బీహారుకంటె మిక్కిలి ముందున్నది. అయినను, మాకు జబ్బుగా నున్నదని చెప్పుకొనువారు కేరళమునందే చాల హెచ్చని అమర్త్యసేన్ 2002వ సంవత్సరమున ఎత్తిచూపెను. బీహారువారు ఆరోగ్యవంతులని దీని యర్థము కాదు. వైద్యుడే లేని చోట నడుమునొప్పి జబ్బనిపించుకొనదు, వయస్సనిపించుకొనును. మేలైన వైద్యము నెన్నడు నెరుగనివారు దేనికని కొరతపడుదురు? మేమును ఒకప్పుడు తృప్తినే కొలబద్దగా నమ్మితిమి, ఇప్పుడు నమ్మజాలము.

1992-93లో ఆరంభమై, 2019-21లో ఐదవమారు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తల్లిని వేరువిధముగ నడుగుదురు. గర్భముతో నున్నప్పుడు బరువు తూచిరా? రక్తపుపోటు చూచిరా? మూత్రమును, రక్తమును పరీక్షకు గొనిరా? ఆమె మెచ్చుకొననక్కర లేదు, నిందింపనక్కర లేదు. జరిగినది చెప్పిన చాలును. నర్సమ్మకు కోపము వచ్చునేమో యను భయమునకు తావు తక్కువ. అయితే కసరుకొన్న మాట తూనికలో పడదు. దానినిగూడ, “మర్యాదగా చూచిరా” యని గాక, “ఎవరైనను కసరిరా” యని యడుగుట మేలు.

ఆ ఐదవ సర్వేలోనే, సర్కారు ఆసుపత్రికి సాధారణముగా పోమని చెప్పిన కుటుంబములు సుమారు సగము. వారిలోను సుమారు సగముమంది వైద్యము నాసిరకమని కారణము చెప్పిరి. ఇది వేరొకచోటికి పోగలిగినవారి మాట. గత్యంతరము లేక అక్కడికే పోవువారి మౌనమును మెప్పుగా లెక్కింపరాదు.

ఎవరి నడుగవలెనన్నది మరియొక చిక్కు. ఎంపికయిన ప్రతి పల్లెలోను, పేటలోను చీట్లు తీసినట్లు 22 ఇండ్ల నేర్పరచిరి. తలుపునకు తాళమున్నచో పొరుగింటివారి నడిగి పని ముగించుకొనరాదు, మరల రావలెను. ఎండలో నిలిచిన యువతికి ఇది వట్టి చాదస్తముగా తోచవచ్చును. కాని తాళము వేసి పోయినవారు కూలికి పోయినవారై యుండవచ్చును. పగలు ఇంట నుండువారినే యడిగినచో, ఆసుపత్రి వేళలు అందరికిని అనుకూలములేయని తేలును. ఎన్నిమారులు వచ్చినను తాళమే యున్నచో, ఆ యింటివారు దొరకలేదని యున్నదున్నట్లు వ్రాసికొని పోవలెను.