అంటు

తెలుగులో ‘అంటు’ అన్న మాట చేసినన్ని పనులు మరో మాట చేస్తుందా అని నాకు అనుమానం. తిని వదిలేసిన గిన్నెలు అంట్లు. ఒకరి నుంచి ఒకరికి వచ్చే జబ్బు అంటురోగం. ఊరి చివరికి నెట్టేసిన మనుషులు అంటరానివాళ్లు. నెలకి మూడు రోజులు ఆడదానికి అంటూ ముట్టూ. ఇంకోవైపు నూజివీడు తోటల్లో మంచి మామిడి కొమ్మని మరో మొక్కకి కట్టి బతికించడమూ అంటు కట్టడమే. జబ్బుమనిషి మంచం వదలకుండా కూర్చున్న మనిషిని ‘అంటిపెట్టుకుని ఉంది’ అంటాం. (‘ఉంది’ అనే అంటాం. ‘ఉన్నాడు’ అనాల్సిన సందర్భాలు తక్కువ.)

ఆసుపత్రి ఈ అర్థాలన్నీ ఒకే కప్పు కింద చేరిన చోటు. అక్కడ ఒకరినొకరు అంటుకోక తప్పదు. రోగి ఒంట్లోది సిబ్బందికి వస్తుంది, సిబ్బంది చేతుల్లోది రోగికి పోతుంది. దీన్ని పూర్తిగా లేకుండా చేయడం ఎవరివల్లా కాదు. కాబట్టి నాకు ఎప్పుడూ పట్టుకునే ప్రశ్న ఇది: ఆ ప్రమాదాన్ని ఎవరి వాటాకి ఎంత అని పంచేది ఎవరు? పంచుతున్నప్పుడు ఎవర్నైనా అడుగుతున్నారా?

మా పెదనాన్నగారి అమ్మాయి, నాకు అక్క, నర్సు. 2000ల మొదట్లో విజయవాడలో ఒక నర్సింగ్ హోమ్‌లో పని చేసేది. ఏ నర్సింగ్ హోమన్నది ఇక్కడ అనవసరం, అప్పట్లో చాలావాటి తీరు అదే. ఆ రోజులు గుర్తున్నవాళ్లకి గుర్తుంటాయి. దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గర్భిణుల్లో నూటికి ఒకరిని మించి కనిపిస్తే ‘ఎక్కువ’ అని లెక్క. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ భయం ఇంటింటికీ పాకింది. కాన్పుకొచ్చిన ప్రతి అమ్మాయికీ చెప్పకుండా, అడక్కుండా రక్తపరీక్ష చేసేవాళ్లు. పాజిటివ్ వస్తే కేసు షీటు మీద ఎర్ర స్టిక్కర్. ‘స్టాఫ్ జాగ్రత్త కోసం’ అనేవారు.

దివిసీమ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆ స్టిక్కర్ పడింది. ఆమె మంచం వరండా చివరికి పోయింది. కాన్పు చేయడానికి డాక్టరుగారు రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నారు. ఆ తర్వాత వారం రోజులూ ఆమె దగ్గరికి వెళ్లాల్సిన అక్కకి మాత్రం రోజుకి ఒక జత. ఆ వారంలోనే అక్క వేలికి సూది గుచ్చుకుంది. వరండా చివర మంచమ్మాయి సూది కాదు అది, స్టిక్కర్ లేని మరో పేషెంటుది. సూదికి మూత పెట్టబోతుంటే జరిగింది. సబ్బుతో కడుక్కోమన్నారు, ఎవరికీ చెప్పొద్దన్నారు. అంతే.

అక్క ఆ తర్వాత ఆరు నెలలు ఇంట్లో విడిగా చాప వేసుకుని పడుకుంది. తన గ్లాసు తనే కడుక్కుంది. బావ అడిగితే నడుంనొప్పి అంది. మూడు నెలలకీ ఆరు నెలలకీ పరీక్షలు చేయించుకుంటే నెగటివ్ వచ్చింది. ఇదంతా నాకు చెప్పింది కూడా చాలా ఏళ్ల తర్వాతే. “ఆ దివిసీమ పిల్లంటే నీకు భయం వేయలేదా అక్కా?” అని అడిగాను. “నాకు భయం సూదంటేనే, ఆ పిల్లంటే ఎందుకే?” అంది.

ఈ వాక్యంలో ఉన్నంత స్పష్టత మన విధానాల్లో రావడానికి చాలా కాలం పట్టింది. లెక్క చూడండి. రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవి సోకే అవకాశం సుమారు 1000కి 3. అదే హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోని మనిషికి, 1000కి 60 నుంచి 300 దాకా. దానికి మూడు డోసుల టీకా ఉంది. స్టిక్కర్లు అచ్చు వేయించిన యాజమాన్యం ఆ టీకా మాట ఎత్తలేదు. పైగా వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లో పరీక్షకి దొరకదు కాబట్టి, స్టిక్కర్ లేనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. అంటే ఆ ఎర్ర కాగితం స్టాఫ్‌ని కాపాడలేదు. ఆ అమ్మాయి పరువు తీసింది. ఇంకో పని కూడా చేసింది: అందరికీ గ్లవ్స్ కొనే ఖర్చు మిగిల్చింది.

1980లలో ఎయిడ్స్ భయం మొదలయ్యాక వచ్చిన ‘సార్వత్రిక జాగ్రత్తలు’ అన్న ఆలోచన నాకు వైద్యసూత్రం కన్నా ఎక్కువగా నీతిసూత్రంలా కనిపిస్తుంది. ప్రతి ఒక్కరి రక్తాన్నీ ప్రమాదకరమైనదిగానే చూడు అంటుంది అది. అందరినీ సమానంగా అనుమానిస్తే ఎవరినీ వేలెత్తి చూపాల్సిన పని ఉండదు. కులపరమైన ‘అంటు’కి ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ మురికి కొందరి పుట్టుకలో ఉంటుంది, మిగతావాళ్లు శుభ్రం. ఇక్కడ కలెక్టరుగారి రక్తమూ స్వీపరు రక్తమూ ఒకే జాగ్రత్తతో ముట్టుకోవాల్సినవి. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవి చట్టం ఈ రెండు వైపులనీ కలిపి చూసింది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదంది. సిబ్బందికి జాగ్రత్తల సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకుంటే వాడాల్సిన మందులు సంస్థే ఇవ్వాలంది. ఆ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అక్క పడుకున్న చాపకీ ఆ 72 గంటలకీ మధ్య దూరం ఎంతో ఆలోచిస్తే కడుపు మండుతుంది.

రెండో వైపు కూడా చూడాలి. మనం నర్సు వైపో రోగి వైపో నిలబడి మాట్లాడటానికి అలవాటు పడ్డాం. వియన్నా జనరల్ ఆసుపత్రిలో 1847లో సెమ్మెల్‌వైస్ గమనించింది ఏమిటి? డాక్టర్లు కాన్పులు చేసే వార్డులో తల్లులు ఎక్కువ చనిపోతున్నారు, మంత్రసానులు చేసే వార్డులో తక్కువ. డాక్టర్లు శవాల్ని కోసిన చేతులతోనే కాన్పు గదిలోకి వచ్చేవారు. క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడిగించగానే చావులు తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. పెద్దమనిషి చేయి మురికిగా ఉండటం ఏమిటి? ఏ వార్డులో చస్తారో అక్కడి తల్లులకి ముందే తెలుసు, రెండో వార్డులో చేర్చుకోమని బతిమాలేవారు. వాళ్ల మాట సాక్ష్యంగా ఎవరికీ అక్కర్లేకపోయింది. మన దగ్గర ఇదే కథని ఎప్పుడూ మంత్రసాని చేతుల మురికి కథగానే చెప్పారు. ఆ చేతుల్లో బిడ్డలకి ధనుర్వాతం వచ్చిన మాటా నిజమే, నేను కాదనను. కానీ చెయ్యి ఎవరిదని చూసి మురికిని తేల్చే అలవాటు సైన్సుది కాదు, మడిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం మనలాంటి దేశాల్లో ఆసుపత్రిలో చేరిన 100 మందిలో 15 మందికి అక్కడే ఏదో ఒక ఇన్ఫెక్షన్ సోకుతుంది. ధనిక దేశాల్లో 7. చేతులు కడగటం ఇప్పటికీ హోదాకి సంబంధించిన విషయమే. పెద్ద డాక్టరుగారు రౌండ్సుకొచ్చి ఒక మంచం నుంచి ఇంకో మంచానికి అలాగే వెళ్తుంటే, “సార్, చేతులు” అనగల నర్సు ఎక్కడైనా ఉందా?

ఆ మాట అనలేకపోవడానికి చరిత్ర ఉంది. గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో పని నేర్చిన తొలితరం నర్సుల్లో చాలామంది క్రైస్తవంలోకి వచ్చిన దళిత కుటుంబాల పిల్లలు. చీమూ నెత్తురూ ముట్టుకునే పనికి మడి ఉన్న ఇళ్ల నుంచి ఎవరొస్తారు? తర్వాత ఆ పనిని ‘సేవ’ అన్నాం, ‘సిస్టర్’ అని పిలిచాం. పేరు పెంచాం గానీ జీతం, మాట చెల్లుబాటు అంత పెరగలేదు. సంరక్షణే స్త్రీల నైతికతకి పునాది అన్న స్త్రీవాద చర్చ కెరోల్ గిలిగన్ పుస్తకంతో 1982 నుంచీ నడుస్తోంది. నాకు అందులో చాలా నచ్చుతుంది. మన గడ్డ మీద మాత్రం ఆ సంరక్షణని ఏ కులపు ఆడవాళ్ల చేతికి అప్పగించారన్నది మొదటి ప్రశ్న కావాలి.

2020 మార్చి 22 సాయంత్రం అందరం చప్పట్లు కొట్టాం. ఆ వారాల్లోనే అద్దె ఇళ్లు ఖాళీ చేయమని నర్సుల్ని అడిగిన వార్తలూ చదివాం. చప్పట్లు కొట్టిన చేతులూ తలుపు వేసిన చేతులూ వేరు కాదేమో. ఆ ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్, మాస్కులు చాలడం లేదని బహిరంగంగా చెప్పి సస్పెండయ్యారు. ఆయన దళితుడు. 2021 మేలో చనిపోయారు. త్యాగం చేస్తానంటే దండ వేస్తాం, మాస్కు అడిగితే క్రమశిక్షణ గుర్తొస్తుంది. అంతకు రెండేళ్ల ముందు, 2018లో, కేరళలో నిపా రోగికి సేవ చేస్తూ అదే జబ్బుతో పోయిన నర్సు లిని, భర్తకి రాసిన చివరి ఉత్తరాన్ని దేశమంతా చదివి ఏడ్చింది. ఏడవాల్సిందే. కానీ దేవతని చేసిన మనిషికి గ్లవ్స్ బాకీ ఉన్నామని ఎవరికీ అనిపించదు. దేవతకి గ్లవ్స్ ఎందుకు?

మరి రక్షణ ఇవ్వని చోట నర్సు పని మానేయవచ్చా? నైతికంగా ఇది నాకు కష్టమైన ప్రశ్న. ప్రమాదాన్ని భరించే బాధ్యత ఒకవైపే ఉండదు, కాపాడే బాధ్యత అవతల నెరవేరితేనే ఇవతలిది నిలుస్తుందని నా అభిప్రాయం. అక్కతో అదే అన్నాను. 2020లో, రిటైరయ్యాక, పాత నర్సింగ్ హోమ్ వాళ్లు కోవిడ్ డ్యూటీకి రమ్మన్నప్పుడు. “నువ్వన్నది సరైనదే. కానీ గ్లవ్స్ ఇవ్వనిది పేషెంటు కాదుగా. నేను వెళ్లకపోతే ఊపిరాడనిది ఓనరుకి కాదు” అంది. యాజమాన్యాలకి ఈ సంగతి బాగా తెలుసు. నర్సు మనస్సాక్షిని తాకట్టు పెట్టుకునే వాళ్ల వ్యాపారం నడుస్తుంది. ఆమె వెళ్లడం గొప్పే, ఆ గొప్పతనం మీద ఆధారపడటం నేరం అని రెండూ ఒకే ఊపిరిలో అనగలగాలి మనం. అక్క కిట్టూ, నియామకపు కాగితమూ రెండూ అడిగింది. కిట్టు ఇచ్చారు, కాగితం ఇవ్వలేదు. కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా, ప్రభుత్వం కోవిడ్ పనికి పిలిపించుకున్న ప్రైవేటు వాళ్లకే అన్నారు. కాగితం లేని మనిషి ఏ లెక్కలోకి వస్తుంది? అయినా వెళ్లింది, నలభై రోజులు చేసింది.

ఆయాల సంగతి ఇంకా కింద. 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వ్యర్థాలని విడదీయాలి, ఆ పని చేసేవాళ్లకి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. పసుపు సంచిలో ఎవరో పడేసిన సూది గుచ్చుకునేది సంచి మోసే ఆయాకే. ఆమె కాంట్రాక్టరు మనిషి, ఆసుపత్రి మనిషి కాదు. మా వీధిలో ఉండే ఒక ఆయమ్మని టీకా వేశారా అని అడిగితే, “పిల్లలకి వేస్తారు గానీ నాకెందుకమ్మా” అంది.

ఇక సిబ్బందీ కాని, రోగీ కాని మనిషి ఒకతె ఉంది. అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో బస్సులో క్యారేజీ, దుప్పటి పట్టుకుని వచ్చి, భర్త మంచం కింద పడుకునే భార్య. లేదా అత్తగారికి మంచం మీదే పాన్ పెట్టే కోడలు. టీబీ వార్డులో రాత్రంతా కళ్లె పట్టే గిన్నె ఆమె చేతిలోనే ఉంటుంది. మన ఆసుపత్రుల్లో నర్సుల కొరత తీరుస్తున్నది ఆమె. ఆమెకి మాస్కు లేదు, టీకా లేదు, బీమా లేదు, ఆమెకేదైనా సోకితే రాసుకునే రిజిస్టరూ లేదు.

ఈమధ్య అక్కని ఒక నర్సింగ్ స్కూల్లో మాట్లాడమని పిలిచారు. చేతులు ఎలా కడుక్కోవాలో చూపించాక, “పేషెంటు దగ్గరున్న ఆడమనిషికి ఇది నేర్పించడం మీ డ్యూటీ చార్టులో ఉందా?” అని అడిగింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చూసి చెబుతాం మేడం అన్నారు.