పూచీ

"అమ్మా, మీరొక్క మాట చెబితే అయ్య సంతకం పెడతాడు" అంది, మా వరండా మెట్టుమీద కూర్చుని, మిరపకాయ కోతలకు కోసిగి నుంచి వచ్చిన మనిషి.

కూలి లెక్కల దగ్గర తగాదా వచ్చి ఆమె మొగుణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. బెయిలైతే ఇచ్చారట గానీ, జామీనుదారు ఈ జిల్లావాడే కావాలన్నారట. వాళ్ళ అన్నదమ్ములూ, ఉన్న ఎకరమూ కోసిగిలో!

"వాడు కొట్టాడో లేదో మనకేం తెలుసు?" అన్నారు మావారు. నాకూ అదే అనిపించింది.

కాని పూచీ అంటే ఫలానావాడు తప్పు చెయ్యలేదని ప్రమాణం చెయ్యడం కాదు గదా! వాయిదాకు వస్తాడని మాట ఇవ్వడం. రాకపోతే రాసిచ్చిన సొమ్ము మన దగ్గర వసూలు చేస్తారు. మన భయమల్లా అక్కడే.

1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. పదివేల రూపాయల జామీను అడిగారు. తోడబుట్టినవాడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పన్నారు. ఎక్కడో దూరాన పట్టుబడ్డ ఆంధ్రుడు అక్కడ ఆస్తిపరుణ్ణి ఎలా తేగలడని అడిగి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలెయ్యమన్నారు. బెయిలబుల్ నేరాల్లో వారంలోగా జామీను తెచ్చుకోలేనివాణ్ణి బీదవాడిగా ఎంచి, సొంత పూచీమీదే వదలాలని 2005లో చట్టాన్ని సవరించారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నియమం ఉంది.

ఇవన్నీ వకీలు ద్వారా చెప్పించుకోవచ్చు. కాని ఆమె ఆ పూట అడిగింది చట్టం కాదు, మమ్మల్ని. మా పొలంలో కాయ కోసినంతకాలం ఆ మనిషి మాకు నమ్మకస్తుడే. తూకం దగ్గర ఏనాడూ అనుమానించలేదు. కాగితం మీద సంతకం అనేసరికి మాత్రం ఊరూపేరూ తెలియని పరాయివాడైపోయాడు! లాభం వచ్చేచోట సరిపోయిన నమ్మకం నష్టం వచ్చేచోట ఎందుకు సరిపోదు?

మర్నాడు మావారు పాస్ పుస్తకం తీసుకుని బయల్దేరారు. వాయిదానాడు అతను వచ్చాడు.

రాకపోయి ఉంటే? డబ్బు పోయేది, చాలా రోజులు బాధపడేవాళ్ళం. కాని మేం సంతకం పెట్టకపోతే, కోతలయ్యేదాకా అతను జైల్లోనే ఉండేవాడేమో. ఆ రోజులకు వెల కట్టి వసూలు చేసే కోర్టు ఎక్కడా లేదు.