మోషే నాలుక

ధ్యాన భాగము: నిర్గమకాండము 4:10–16



ప్రార్థన కూటములో పెద్దలు తమ పేరు పిలుతురేమోయని వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండువారు మన సంఘములలో అనేకులున్నారు. ఇంటిలో ధారాళముగా మాటలాడువారికే నలుగురి యెదుట నిలువబడగానే గొంతు ఆరిపోవును, కాళ్లు వణకును. ఇట్టివారు తమకు విశ్వాసము చాలదనుకొని లోలోపల కుమిలిపోవుదురు. వారు మోషేను జ్ఞాపకము చేసికొందురు గాక.

మోషే ఫరోతో మాటలాడిననాటికి 80 ఏండ్లవాడు. ఫరో కుమార్తె యింట పెరిగినవాడు. అయినను మండుచున్న పొదయొద్ద దేవుడు పిలిచినప్పుడు అతడు ఒకదాని వెంట ఒకటిగా సాకులు చెప్పెను. తానెంతటివాడననెను, ప్రజలు తన్ను నమ్మరనెను, తన నాలుక మందమైనదనెను, తుదకు మరియొకరిని పంపుమని వేడుకొనెను. దాసత్వములోనున్న జనుల మొరను దేవుడు అతనికి తెలియజేసినను, అతని చూపు తన నాలుకమీదనే యుండెను. మన సభాభయమునకును మూలమిదియే. నేనెట్లు కనబడుదునో, ఎవరు నవ్వుదురోయని తలంచినంతసేపు, ఎవరి నిమిత్తము మాటలాడవలెనో వారు మనకు మరుగైపోవుదురు.

దేవుడేమి చేసెను? ఆ నాలుకను బాగుచేసినట్లు వ్రాయబడలేదు. మనుష్యునికి నోరిచ్చినది తానేయనియు, ఆ నోటికి తాను తోడుగా నుందుననియు చెప్పెను. కోపించినను అతనిని విడువక, 3 ఏండ్లు పెద్దవాడైన అన్నను, అహరోనును, తోడిచ్చెను. భయము పోయిన తరువాత వెళ్లుమనలేదు, భయపడుచున్నవానినే పంపెను. పౌలు కూడ తాను కొరింథునకు భయముతోను వణకుతోను వచ్చినట్లు ఒప్పుకొనెను (1 కొరింథీ. 2:3).

కాబట్టి భయపడు సహోదరుడా, సహోదరీ, చిన్నదానితో ఆరంభించుము. కుటుంబ ప్రార్థనలో రెండు మాటలు పలుకుము. ఆదివారము చదువవలసిన వాక్యభాగమును శనివారము రాత్రి ఇంటివారి యెదుట రెండు మూడు మారులు బిగ్గరగా చదువుము. సాక్ష్యము చెప్పునప్పుడు బోధకులను అనుకరింపక, ప్రభువు నీకు చేసిన ఒక్క మేలును నీ యింటి మాటలలో చెప్పుము. తడబడితివా, ఒక్క క్షణమాగి మరల చెప్పుము.

సంఘ పెద్దలారా, మీరు అహరోనులై యుండుడి. తడబడువారిని చూచి నవ్వకుడి. వారి ప్రక్కన నిలువబడుడి.

గ్రామసభలో బోరింగు చెడిపోయిన సంగతిగాని, పేద విధవరాలి పింఛను సంగతిగాని చెప్పవలసినప్పుడును ఇదే త్రోవ. మనము సిగ్గుపడి నోరు మూసికొనినయెడల నష్టపోవునది మనము కాము, ఆమెయే.

40 ఏండ్లు గడచిన పిమ్మట, మోయాబు దేశములో ఇశ్రాయేలీయులందరి యెదుట నిలిచి దీర్ఘముగా ఉపదేశించినవాడు ఈ మోషేయే. ద్వితీయోపదేశకాండములో అధిక భాగము అతని నోట వెడలిన మాటలే. మాట రాదన్నవాని మాటలను మనము నేటికిని చదువుచున్నాము.

ప్రార్థన: ప్రభువా, మా నోటికి తోడుగా నుండుము. మేమెవరి నిమిత్తము మాటలాడవలెనో వారిని మాకు చూపుము. ఆమేన్.