దర్శనమా? వేటా?

శ్రీమద్రామాయణ అవతరణకు ఒక పక్షి జంట నిమిత్తమైన సంగతి ఎరుగని వైష్ణవ గృహం ఉండదు. తమసా నదీతీరాన ఆ క్రౌంచ మిథునాన్ని ఆనాడు ఇద్దరు చూచారు. నిషాదుడు చూచాడు, వాల్మీకి మహర్షి చూచాడు. ప్రాణులు అవే, స్థలం అదే. ఒకరి చూపు వెంట బాణం వెడలినది, మరొకరి చూపు వెంట శోకం శ్లోకమై వెడలినది. నేడు పల్లెపల్లెన ప్రతి చేతికీ అందివచ్చిన కెమెరా ఈ ఇరువురిలో ఎవరి పక్షాన నిలుస్తున్నదన్నది భక్తులైనవారు విచారింపదగిన ప్రశ్న.

తెలుగువారు ఫోటోను "తీస్తారు". బావిలో నీరు తీయటానికీ, కాలిలో ముల్లు తీయటానికీ, ప్రాణం తీయటానికీ ఉన్నది ఆ మాటే. ఏది తీస్తున్నాడో తీసేవాడికే తెలియాలి.

కెమెరా చేసిన మేలును ముందుగా ఒప్పుకొనక తప్పదు. పులిని చంపి దానిపై కాలు మోపి నిలబడుట ఘనతగా చెల్లిన రోజులలో, ఛాంపియన్ అనే ఆంగ్ల అటవీ అధికారి పులులు నడిచే బాటలలో తీగలు అమర్చి, వాటి అడుగు తగిలినంతనే రాత్రివేళ ఛాయాచిత్రం పడే ఏర్పాటు చేశాడు. ఆ చిత్రాలతో ఆయన గ్రంథం 1927లో వెలువడినది. మన పొరుగున మద్రాసులో ఎం. కృష్ణన్ (1912–1996) ఏనుగులను ఎంత శ్రద్ధతో చిత్రించాడో, ఇంటి చూరు మీది కాకిని, వీధిలోని మేకను, గాడిదను గురించి అంత శ్రద్ధతోనే వ్రాశాడు. అడవిలోనిదే జంతువు, వాకిటిలోనిది కాదు అనే భేదం ఆయనకు లేదు. తుపాకిని దింపించిన కెమెరాకు ఆ పుణ్యం దక్కవలసినదే.

అయితే తుపాకి చేతిలో లేనంత మాత్రాన వేట ముగిసినట్లేనా? సూళ్ళూరుపేట సమీపాన నేలపట్టు అనే గ్రామం ఉన్నది. అక్కడి చెరువులో, నీటిలో నిలిచి పెరిగే చెట్ల మీద, ఏటా వానలు పడిన పిమ్మట గూడబాతులు వందలుగా వచ్చి గూళ్ళు కట్టుకొంటాయి. వాటి రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని రైతుల అనుభవం. అందుచేత అవి వారికి అతిథులు. గూడబాతు పిల్ల గుడ్డు నుండి వెలువడినప్పుడు దాని ఒంటి మీద ఈకలుండవు. ఎండకు తల్లి దేహమే దానికి గొడుగు. చిత్రం బాగా రావలెనని ఒకడు పడవ వేసుకొని చెట్టు మొదటికి పోయాడనుకొందాం. తల్లి లేస్తుంది. అది తిరిగి వచ్చి వాలే లోపల పిల్ల ఎండకు మాడవచ్చును. గ్రద్దో కాకో గుడ్డును తన్నుకుపోవచ్చును. బెదరిన పిల్ల క్రింద పడితే, పడినచోటికి తల్లి మేత తెచ్చి పెట్టుట అరుదు. వచ్చినవాడు మాత్రం తానొక పక్షిని చూచి వచ్చానని, ఏ పాపమూ ఎరుగనని ఇంటికి చేరతాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇతని కన్న సూక్ష్మంగా ఆలోచించినది. పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించి కలత పెట్టుటను కూడ అది "వేట" అనే మాట క్రిందనే చేర్చినది.

చట్టం చేసినవారికన్న ముందే పల్లెటూరి గృహిణికి ఈ మర్యాద తెలుసు. ఆవు ఈనే వేళ ఆమె కొత్తవారిని పశువుల కొట్టం దగ్గర నిలువనీయదు. దిష్టి అంటుంది. చదువుకొన్నవారు ఆ మాటకు నవ్వవచ్చును గాని, నొప్పులు పడే ప్రాణికి మరుగు కావాలన్న ఎరుక అందులో ఉన్నది. అదే ఇంటి కుర్రవాడు నేడు దూడ కాళ్ళు బయటపడుతుండగా సెల్‌ఫోన్ పట్టుకొని ఎదుట నిలుస్తున్నాడు.

"ప్రేమ చేతనే గదా తీస్తున్నాము" అనేవారు గలరు. ఆ ప్రేమను శంకింపనక్కరలేదు. కాని భాగవతం పంచమ స్కంధంలో భరతుని కథ ఉన్నది. తల్లిని పోగొట్టుకొన్న లేడిపిల్లను నదిలో నుండి రక్షించినవాడు అతడు. రక్షించినది దయ; ఆ పిమ్మట "ఇది నాది" అన్నది మోహం. అంతటి రాజర్షికే దయ ఎక్కడ ముగిసినదో, మోహం ఎక్కడ మొదలైనదో తెలియక జింకగా జన్మించవలసి వచ్చినది. అందమైన ప్రాణి కంటబడగానే దానిని తన పెట్టెలో వేసుకొనవలెనని చేయి తహతహలాడుటలో ప్రేమ పాలెంత, "నాది" అనే పాలెంత?

మరొక చిక్కు ఉన్నది. మన కంటికి సుందరంగా తోచేది తరచు ఆ ప్రాణి భయమే. పడగ విప్పిన నాగుపాము చిత్రం ఎంతో మెచ్చుకొంటారు. నాగు పడగ విప్పేది బెదరినప్పుడు, బెదరించవలసి వచ్చినప్పుడు. కనుమ దారులలో పళ్ళు బయటపెట్టిన కోతిని చూచి "నవ్వుతున్నది" అని పిల్లలను ప్రక్కన నిలబెట్టి ఫోటో తీస్తారు. అది నవ్వు కాదు, భయమో హెచ్చరికో అయి ఉంటుంది. దగ్గరకు రప్పించుటకు అరటిపండు చూపుతారు. పండుకు అలవాటు పడిన కోతి అడవి మేత మరచి రోడ్డు మీదనే కాపు వేస్తుంది, చివరకు ఏదో వాహనం క్రింద పడుతుంది. తిరుమల ఆలయంలోనికి కెమెరాగాని, సెల్‌ఫోన్‌గాని కొనిపోరాదు. అక్కడ క్షణకాలపు దర్శనంతో తృప్తి పడి, స్వామి రూపాన్ని మనస్సులో నిలుపుకొని వచ్చిన యాత్రికుడు, కొండ దిగుతూ అదే స్వామి అంతర్యామిగా ఉన్న ప్రాణి ఎదుట మాత్రం ఆ తృప్తిని మరచిపోతాడు.

ఏకాదశ స్కంధంలో అవధూత తనకు గురువులైన ఇరవైనలుగురిని పేర్కొంటాడు. వారిలో పావురం, కొండచిలువ, చేప, సాలెపురుగు ఉన్నాయి. తేనెటీగ నుండి అతడు నేర్చినవి రెండు. పూవును నొప్పించక కొంచెమే గ్రహించుట ఒకటి, కూడబెట్టరాదన్నది రెండవది. కూడబెట్టినది తేనెతోబాటు తానూ నశిస్తుంది. ఒక్క విహారంలో వేయి చిత్రాలు తీసి, మరల ఒక్కదానినైనా తెరచి చూడనివారికి ఈ రెండవ పాఠం పనికివస్తుంది.

నేలపట్టు చెరువు ఒడ్డున సందర్శకుల కోసం ఎత్తైన మంచె ఒకటి కట్టారు. దూరపు వస్తువును దగ్గర చేసే కటకం ఉన్నవారికి అక్కడి నుండే గూడు, పిల్ల, తల్లి అన్నీ కనబడతాయి. లేనివారికి కళ్ళు ఉన్నాయి. ప్రొద్దు వాలుతుండగా పులికాట్ సరస్సు వైపు మేతకు పోయిన గూడబాతులు బారులు తీరి, రెక్కలు చాచి, చప్పుడు లేకుండా చెరువు మీదికి దిగుతాయి. ఆ వేళకు చిత్రాలు తీయవచ్చినవారిలో చాలమంది కెమెరాలు సర్దుకొని బస్సుకు వెళ్ళిపోయి ఉంటారు.