కందకములో క్రిస్మసు

2014వ సంవత్సరపు క్రిస్మసు వేళ, బ్రిటను దేశమున సెయిన్స్‌బరీస్ అను వర్తకసంస్థ టెలివిజనులో ప్రదర్శించిన ప్రకటన, అంతకు నూరేండ్ల క్రిందట మహాసంగ్రామమధ్యమున ఆంగ్ల జర్మను సైనికులు పండుగనాడు ఆయుధములు విడిచి, కందకములనుండి వెలికివచ్చి, కరచాలనము చేసికొని, బంతియాట లాడిన వృత్తాంతమును కన్నులకు గట్టించెను. అందొక బ్రిటిషు యువకుడు తన చాక్లెట్టును శత్రుసైనికుని కోటుజేబులో గుట్టుగా నుంచును. అటువంటి చాక్లెట్టే ఆ సంస్థవారి దుకాణములలో విక్రయింపబడి, దాని లాభము రాయల్ బ్రిటిష్ లీజియన్ అను మాజీ సైనికుల సేవాసంస్థకు చేరినది.

చూచినవారిలో ననేకులు కంటతడి పెట్టిరి. మరి కొందరు, లక్షలాది యువకులను మ్రింగిన యుద్ధమును అంగడిసరకుల ప్రచారమునకు వినియోగించుట అపచారమని ఆక్రోశించిరి. ప్రకటనల నియంత్రణసంస్థకు వందలకొలది ఫిర్యాదులు చేరినవి.

ఆ కన్నీరు కృత్రిమమని నేననజాలను. మానవుని సౌహార్దమును చూచి ద్రవించు హృదయము, దానిని చూపినవాడు వర్తకుడైనంతమాత్రమున అపరాధి కాదు. ఐనను నా మనస్సు ఆక్షేపించినవారి పక్షముననే నిలుచుచున్నది. ఏలయన, నాటి విరామసమయమున పెక్కుచోట్ల ఇరుపక్షములవారును, ఉభయసేనల నడుమ దినములతరబడి పడియున్న తమ సహచరుల కళేబరములను వెదకి, తెచ్చి, గడ్డకట్టిన నేలను త్రవ్వి పూడ్చుకొనిరి. కానుకలు కొనుడని ప్రేరేపించు ఆ రమణీయచిత్రమున ఈ ఖననకార్యమునకు మాత్రము తావు దొరకలేదు.