పందిరిలో పీట

2023 మార్చి 31న అహమదాబాదులో ఐ.పి.ఎల్. క్రికెట్ ప్రారంభోత్సవము జరిగినది. అరిజిత్ సింగ్ పాడెను. చంద్రబోసు రచించి, కీరవాణి స్వరపరచిన ‘నాటు నాటు’ పాటకు కొడగు ఆడపడుచు రష్మిక నర్తించెను. గుజరాతు గడ్డపై తెలుగువారి పాట మ్రోగినదని చంద్రపూరు తెలుగువారమైన మేము ఉప్పొంగితిమి.

అట్టి వేదికకు గాయకుని ఎన్నుకొనుటలో కీర్తి ఒక్కటియే కొలతయా? లేక భాషయా? పరుగు తీయువాని భాషను ఎవరును అడుగరు. పాడువానిని మాత్రము ఏల అడుగవలెను? మైదానమున పాడువాడు ఒక జట్టుకు గాక, కూడిన వారందరికిని పాడును. ఆ అందరిని తలచి ఎన్నుకొనుటయే న్యాయమని మా అభిప్రాయము.

ఒకనాడు గోండు రాజుల రాజధానియైన ఈ ఊరిలో మన ఆటల పండుగకు మనవారినే పిలిచి, గోండీ, మరాఠీ గాయకులను మరచినచో, ఆనాటి మన సంతోషమునకు విలువ ఏమి? పొరుగువారి పందిరిలో మనము కోరిన పీటను మన పందిరిలో వారికిని వేయవలెను.